ఎర్ర గుడ్డ కవరు

లాకర్ తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్లిన డైరెక్టర్ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది సార్?" అంది వదిన.

ఆయన ట్రే బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. నీలం కవరు. నల్ల కవరు. గోధుమరంగు కవరు. ఎర్రది లేదు.

"నీ పాస్‌పోర్టు కనిపించడం లేదమ్మా."

వదిన లాకర్లోకి తొంగి చూసింది. బల్ల కింద చూసింది. మళ్లీ లాకర్లోకి చూసింది. ఆ తర్వాత కుర్చీలో కూలబడింది.

ఉదయం తొమ్మిదిన్నర అయింది. సాయంత్రం ఏడింటికి ఆమె ఫ్లైటు. అర్ధరాత్రితో వీసా గడువు సరి. ఆ గడువు దాటితే ఈ దేశంలో ఉండటానికి ఒక్కటే మార్గం ఉంది. స్కూలు మళ్లీ స్పాన్సర్ చెయ్యాలి. అంటే ఇంకో ఏడాది కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలి.

"కంగారు పడకు. ఎక్స్‌టెన్షన్ కాగితాలు రెడీగానే ఉన్నాయి," అన్నాడు డైరెక్టర్. ఓదారుస్తున్నట్టే అన్నాడు గాని, ఆ గొంతులో బాధ మచ్చుకైనా లేదు.

తలుపు దగ్గర నిలబడి ఉన్న ఎస్సైగారికి ఆ మాట చెవిలో ముల్లులా దిగింది.

ఎస్సైగారు ఇప్పుడు ఎస్సై కాదు. పాతికేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, ట్రైనింగ్ కాలేజీలో కుర్ర కానిస్టేబుళ్లకి ఇంగ్లీషు నేర్పి, వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుంది. ఆ తర్వాత విదేశంలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగమని ప్రకటన చూసి మోజుపడి వచ్చింది. వచ్చిన రోజే డైరెక్టర్ చెయ్యి చాచి, "పాస్‌పోర్టు ఇలా ఇవ్వండి మేడం, భద్రంగా ఉంటుంది," అన్నాడు. ఇచ్చేసింది. జీవితమంతా ఇతరుల్ని లాకప్‌లో పెట్టిన మనిషి, తన స్వేచ్ఛని తనే ట్రేలో పెట్టి అప్పగించింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

కింద రెండంతస్తులు స్కూలు. పై అంతస్తులో నలుగురు టీచర్ల గదులు. కిటికీలకి ఊచలు. వీధి తలుపు కార్డు గీస్తేనే తెరుచుకుంటుంది, ఆ కార్డు డైరెక్టర్ జేబులో ఉంటుంది. నెలకోసారి జీతాల రోజున మాత్రం పాస్‌పోర్టులు చేతికొస్తాయి. డబ్బు మార్చుకోవాలంటే ఎక్స్ఛేంజి కౌంటర్లో పాస్‌పోర్టు చూపించాలి కాబట్టి. సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి. నిన్న జీతాల రోజు.

వదిన ఎవరికీ వరసకి వదిన కాదు. అందరి బాగోగులూ చూస్తుందని అందరూ అలా పిలుస్తారు. ఆమె వచ్చేటప్పుడు కూతురికి ఆరేళ్లు. అక్క దగ్గర వదిలి, రెండేళ్లని చెప్పి వచ్చింది. వీసా పేచీ పెట్టి డైరెక్టర్ దాన్ని మూడేళ్లు చేశాడు. పోయిన నెల ఫోన్లో ఆ పిల్ల పెద్దమ్మని "అమ్మా" అని పిలవడం వదిన చెవులారా విన్నది. ఆ రాత్రే టికెట్ కొనుక్కుంది.

"ఎస్సైగారూ," అంది వదిన. "నేను ఇవాళ వెళ్లకపోతే నా కూతురు నాకిక లేనట్టే. ఎలాగైనా చూడండి."

ఎస్సైగారు కళ్లజోడు తుడుచుకుని డైరెక్టర్ వైపు తిరిగింది.

"ఎర్ర కవరు ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"నన్ను ఇంటరాగేట్ చేస్తున్నారా మేడం?"

"లేదు సార్, ఇంగ్లీషు పాఠం చెబుతున్నాను. ఎప్పుడు చూశారు?"

"నిన్న సాయంత్రం ఆరింటికి. ట్రేలో నాలుగూ ఉన్నాయి. ఎర్రది పైన ఉంది."

"లాకర్లో ఎప్పుడు పెట్టారు?"

"ఏడు దాటాక. ఈలోపు ఒక ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాను."

"పెట్టేటప్పుడు లెక్క చూసుకోలేదా?"

"రోజూ చేసే పనే కదా. ట్రే తీశాను, లోపలికి తోశాను."

"ఆ గంటలో గదిలోకి ఎవరెవరు వచ్చారు?"

"రేడియో మాస్టారు వచ్చాడు, ప్రొజెక్టర్ తిరిగి ఇవ్వడానికి. చిట్టి టీచరు వచ్చింది, పరీక్ష పేపర్లు పెట్టడానికి. ఇంకా..." ఆయన చిన్నగా నవ్వాడు. "మీరూ వచ్చారు."

నిజమే. పరీక్షల లోపు ఒక్కరినే ఇంటికి వదులుతానని డైరెక్టర్ అందరికీ చెప్పి ఉన్నాడు. వదిన ఆగిపోతే ఆ అవకాశం ఎస్సైగారికో, రేడియోకో దక్కుతుంది. మోటివ్ అందరికీ ఉంది. డైరెక్టర్‌కైతే మరీను, వదిన క్లాసులు చెప్పడానికి ఇంకా మనిషి దొరకలేదు మరి.

"ఒక్క గంట వీధి తలుపు కార్డు ఇవ్వండి," అంది ఎస్సైగారు. "ఎక్స్ఛేంజి కౌంటర్లో మర్చిపోయారేమో కనుక్కుని వస్తాను."

"ట్రేలో నేను చూశానని చెప్పానుగా!"

"మీరు చూశానన్నారు. నేను చూడలేదు."

ఆయన పళ్లు కొరుక్కుంటూ కార్డు ఇచ్చాడు.

కౌంటర్ వీధి చివర, సందు మలుపులో ఉంది. అద్దం వెనకాల ఒక గుమస్తా. అద్దం కింద చెయ్యి పట్టేంత సందు. క్యూలో ముందున్న భార్యాభర్తలు రెండు పాస్‌పోర్టులు లోపలికి తోశారు.

"కవర్లు తీసి ఇవ్వండి. కవరుంటే స్కానర్ తీసుకోదు," అన్నాడు గుమస్తా విసుగ్గా. రోజుకి వందసార్లు అనే మాటలా ఉంది. తర్వాత వాళ్లిచ్చిన నోటొకటి వెనక్కి తోశాడు. "మడత ఉంది, చెల్లదు."

ఈ మడతల గొడవ ఎస్సైగారికి తెలిసిందే. అందుకే టీచర్లందరూ విదేశీ నోట్లని పర్సులో పెట్టరు. లావుపాటి పుస్తకాల్లో, అట్టల మధ్య నలగకుండా దాచుకుంటారు.

తన వంతు వచ్చాక అడిగింది.

"నిన్న సాయంత్రం ఇద్దరు టీచర్లు వచ్చారు. ఒకామె ఎర్ర గుడ్డ కవరు..."

"గుర్తుంది. షటర్ దించేస్తుంటే వచ్చారు. పని ముగించి రెండు పాస్‌పోర్టులూ ఒకేసారి బయటికి తోశాను. తీసుకుని పరుగెత్తారు. ఇక్కడేమీ మిగల్లేదు. పక్కకి జరగండి."

ఎస్సైగారు పక్కకి జరిగింది. మనసులో ఏదో గీసుకున్నట్టయింది గాని, అదేమిటో అందలేదు. గడియారం పదకొండు చూపిస్తోంది.

వెనక్కి వచ్చి, కార్డు డైరెక్టర్‌కి ఇచ్చేసి మెట్లెక్కుతుంటే రేడియో ఎదురయ్యాడు. మగ టీచరు అతనొక్కడే. నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆ పేరొచ్చింది.

"మేడం, డైరెక్టరే తీశాడు. రాసిపెట్టుకోండి. మొన్నే నాతో అన్నాడు, వదిన వెళ్తే బ్యాచులన్నీ నీ నెత్తినే అని. నాకు ఉన్నవాటితోనే గొంతు పోయింది..."

"నిన్న ఆఫీసులోకి వెళ్లినప్పుడు ఎర్ర కవరు ట్రేలో ఉందా?"

"ఉంది. మీద చిన్న బొత్తాం కూడా చూశాను. ఆ కవరు ఏ బజార్లో కొందో అడగాలనుకున్నాను, ఫోన్లో ఉన్నాడని ఊరుకున్నాను."

"నీ తర్వాత ఎవరొచ్చారు?"

"చిట్టి ఎదురొచ్చింది, పేపర్ల కట్ట మోసుకుంటూ. పలకరించినా పలకలేదు పాపం. వదిన వెళ్లిపోతోందని రెండు రోజులుగా ఆ పిల్ల అన్నమే తినడం లేదు."

ఎస్సైగారు పై అంతస్తుకి వెళ్లింది. వరండా పొడవునా ఒకే ఒక బల్బు, అదీ నిన్నటి నుంచి మాడిపోయి ఉంది. వరండా చివర గోడలో ఇనుప మూత. అది చెత్త వేసే గొట్టం. అందులో వేసింది నేరుగా కింద పెద్ద డబ్బాలో పడుతుంది. పొద్దున్నే లారీ వచ్చి డబ్బా ఎత్తుకుపోతుంది. ఇవాళా వచ్చి పోయింది.

ఆమె సెల్‌ఫోన్ లైటు వేసి మూత చుట్టూ చూసింది. పాత పోలీసు అలవాటు. మోకాళ్లు నొప్పెడుతున్నా వంగి గోడవార చెయ్యి తిప్పింది.

వేళ్లకి గట్టిగా ఏదో తగిలింది. తెల్లటి బొత్తాం. దానికి ఎర్రదారం ముక్క వేలాడుతోంది.

ఎస్సైగారు నేల మీదే చతికిలబడింది. పాస్‌పోర్టు ఈ గొట్టంలో పడి ఉంటే, అది ఇప్పటికి లారీలో నుజ్జునుజ్జయి ఉంటుంది. వదిన కొంప మునిగినట్టే.

కాని బొత్తాం ఎందుకు ఊడింది? కవరుతో సహా విసిరేసి ఉంటే ఊడదు. చీకట్లో, కంగారుగా, బొత్తాం లాగి కవరు విప్పితేనే ఊడుతుంది. పారేసే వస్తువుకి ఎవరైనా కవరు విప్పుతారా? డైరెక్టర్ అయితే కవరు గివరు చూడకుండా విసిరేసేవాడు. రేడియో దాన్ని బజారు సరుకనుకున్నాడు. ఆ కవరు పారెయ్యడానికి చేతులు రాని మనిషి ఒకరున్నారు ఈ ఇంట్లో.

ఆమె వదిన గది తలుపు తట్టింది. ఆ గదిలో రెండు మంచాలు, ఒకటి వదినది, ఒకటి చిట్టిది. వదిన సర్దిన పెట్టె మీద కూర్చుని గోడకేసి చూస్తోంది.

"ఆ కవరు ఎవరు కుట్టారమ్మా?"

"మా పాప. బళ్లో కుట్లు నేర్పితే కుట్టి పోస్టులో పంపింది. వంకరటింకరగా ఉంటుందని ఎవరికీ చెప్పలేదు. చిట్టికి మాత్రం తెలుసు. పార్సిల్ విప్పినప్పుడు పక్కనే ఉంది."

ఎస్సైగారు ఇంకేం అడగలేదు. చిట్టి మంచం కింద ఉన్న అట్టపెట్టె బయటికి లాగింది. చిట్టి చిన్నపిల్లలకి చెప్పే టీచరు, బొమ్మల కార్డులన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. నోట్లు నలగకుండా దాచుకునేదీ అందులోనే. ఏనుగు బొమ్మకీ ఓడ బొమ్మకీ మధ్య, నోట్ల పక్కన, ఎర్ర గుడ్డ కవరు పడుకుని ఉంది. లోపల ఖాళీ. బొత్తాం ఉండాల్సిన చోట దారం పోగులు.

వదిన నోటి మీద చెయ్యి వేసుకుంది.

మధ్యాహ్నం రెండున్నరకి అందరూ ఆఫీసు గదిలో ఉన్నారు. డైరెక్టర్ కుర్చీలో. ఆయన ముందు ట్రే, ట్రే పక్కన ఎక్స్‌టెన్షన్ కాగితాలు, వాటి మీద మూత తీసిన పెన్ను. రేడియో మొదటిసారి నోరు మూసుకుని ఉన్నాడు. చిట్టి తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఇరవై రెండేళ్ల పిల్ల. వచ్చి ఎనిమిది నెలలయింది.

ఎస్సైగారు బొత్తాం బల్ల మీద పెట్టింది. పక్కన కవరు పెట్టింది.

చిట్టి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చిట్టీ, నువ్వు చెబుతావా? నన్ను చెప్పమంటావా?"

"నేను... ఊరికే... పేపర్లు పెట్టడానికొచ్చాను. సార్ అటు తిరిగి ఫోన్లో ఉన్నారు. ఎర్ర కవరు పైనే ఉంది. పేపర్ల కింద పెట్టుకుని వెళ్లిపోయాను. ముందే అనుకున్నది కాదు, నిజంగా కాదు."

"గొట్టంలో వేశావా?"

"కవరు పారెయ్యలేకపోయాను. పాప కుట్టింది కదా. చీకట్లో విప్పి, పుస్తకం ఒక్కటీ వేసేశాను."

"ఎందుకే?" అంది వదిన. అరవలేదు. ఆ ఒక్క మాటే అంది.

"నువ్వెళ్లిపోతే ఆ గదిలో నేనొక్కదాన్నే వదినా! రాత్రిళ్లు ఈయన క్లాసు ప్లాను చూడాలంటూ తలుపు కొడతాడు. నువ్వు దగ్గావంటే వెళ్లిపోతాడు. రేపటి నుంచి ఎవరు దగ్గుతారు? ఒక్క ఏడాదే కదా, ఇద్దరం కలిసి పోదాం అనుకున్నాను. తప్పే. పెద్ద తప్పే. నన్ను చంపెయ్యి."

వదిన లేచి వెళ్లి ఆ పిల్ల చెంప ఛెళ్లుమనిపించింది. మరుక్షణం ఆ చేత్తోనే తన నుదురు కొట్టుకుని ఏడ్చింది. ఎస్సైగారు డైరెక్టర్ వైపు చూసింది. ఆయన కళ్లు పెన్ను మీద ఉన్నాయి.

"చూశారా, నా మీద అనుమానపడ్డారు," అన్నాడాయన గొంతు సవరించుకుని. "సరే, జరిగిందేదో జరిగింది. రా అమ్మా, ఇక్కడ సంతకం పెట్టు. ఐదు గంటలకి వీసా ఆఫీసు మూసేస్తారు."

వదిన కళ్లు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది. పెన్ను అందుకుంది.

ఆ క్షణంలో ఎస్సైగారికి పొద్దున గీసుకున్నది అందింది.

"ఆగు!" ఆమె వదిన చెయ్యి పట్టుకుంది. "నిన్న కౌంటర్లో కవర్లు తీశారా?"

"తీశాం. తియ్యకపోతే తీసుకోడుగా."

"ఇద్దరూ తీశారా?"

"ఇద్దరం. షటర్ దించేస్తున్నాడు. చిట్టికి ఐదింటికి క్లాసు. చేతికొచ్చింది చేతికొచ్చినట్టు కవర్లో దోపుకుని పరుగెత్తాం."

"లోపల ఫొటో చూసుకున్నారా?"

వదిన, చిట్టి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పొద్దుట్నుంచి ఇక్కడ ఎవరైనా, నాతో సహా, ఒక్క పాస్‌పోర్టైనా తెరిచి చూశారా?" అంది ఎస్సైగారు. "మూడు రంగులు చూశాం, ముగ్గురివీ ఉన్నాయనుకున్నాం. అందరివీ ఒకే దేశం పుస్తకాలు, పైకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పాతికేళ్ల సర్వీసు, బుద్ధి ఉండక్కర్లేదూ నాకు!"

ఆమె ట్రేలోంచి నీలం కవరు తీసింది. అది చిట్టిది. అట్ట తెరిచింది.

ఫొటోలోంచి వదిన చూస్తోంది, మూడేళ్ల కిందటి వదిన.

రేడియో వంగి చూసి, "హమ్మయ్య! వదినా, నీదే!" అని కేకపెట్టాడు. ఆ తర్వాత అతనికి కూడా అర్థమైంది. కేక సగంలో ఆగిపోయింది.

చిట్టి గోడ వెంబడి జారి నేల మీద కూర్చుంది.

"అయితే నేను పారేసింది..."

"నీదేనమ్మా," అంది ఎస్సైగారు.

ఆ పిల్ల ఏడవలేదు. ఖాళీగా ఉన్న తన రెండు చేతులూ చూసుకుంటూ ఉండిపోయింది. డైరెక్టర్ ఎక్స్‌టెన్షన్ కాగితాలు నెమ్మదిగా పక్కకి తీసి, చిట్టి వైపు చూశాడు. ఆ చూపు ఎస్సైగారి కంటపడింది. పోలీసు స్టేషన్లో అలాంటి చూపులు ఆమె చాలా చూసింది.

"సార్, వదిన బయటికి వెళ్లాలి, వీధి తలుపు కార్డు ఇటివ్వండి. టాక్సీకి టైమవుతోంది. ఇక మన పని చూద్దాం. కొత్త పాస్‌పోర్టుకి ఎంబసీకి వెళ్లాలి. ఎంబసీ వాళ్లు ఇక్కడి పోలీసు రిపోర్టు అడుగుతారు. పోలీసులు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? పోకముందు అది ఎవరి స్వాధీనంలో ఉంది అని."

డైరెక్టర్ కుర్చీలో సర్దుకున్నాడు. "అది... మీ అందరి భద్రత కోసమే కదా..."

"ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరు తాళం వేసి పెట్టుకుంటే ఇక్కడి చట్టంలో ఏమంటారో మీకు నాకంటే బాగా తెలుసు. రాత్రిళ్లు తలుపు కొట్టడాన్ని ఏమంటారో కూడా వాళ్లే చెబుతారు. వదిన పోతూ ఎంబసీలో ఒక మాట చెప్పి పోవచ్చు. నేనూ రేడియో సాక్షులం. రేడియో నోరు మూసుకుంటాడని మీకు నమ్మకం ఉంటే సరే."

రేడియో మెడ నిక్కించాడు. "ఊరంతా చెబుతాను!"

డైరెక్టర్ జేబులోంచి వీధి తలుపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ట్రే వాళ్ల వైపు తోశాడు. రేడియో నల్ల కవరు లాక్కుని, లోపల తన ఫొటో ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు.

నాలుగింటికి టాక్సీ వచ్చింది. వదిన పాస్‌పోర్టు ఎర్ర కవర్లో పెట్టుకుంది, బొత్తాం కొంగున ముడేసుకుంది. గుమ్మం దగ్గర చిట్టి తల దించుకుని నిలబడింది.

వదిన చాలాసేపు ఆ పిల్లనే చూసింది.

"నువ్వు అడిగినా నేను ఉండేదాన్ని కాదు చిట్టీ," అంది చివరికి. "కాని రోజూ ఫోన్ చేసేదాన్ని."

తలుపు తెరుచుకుంది. మూసుకుంది. టాక్సీ చప్పుడు సందు మలుపు దాటేదాకా వినిపించింది.

ఎస్సైగారు తన గోధుమరంగు కవరు తెరిచి చూసుకుంది. లోపల తనే ఉంది. వీసాకి ఇంకా గడువుంది. వీధి తలుపు కార్డు చేతిలో ఉంది. రేపు పొద్దున్నే పెట్టె సర్దుకుంటే అడ్డుపడేవాళ్లు లేరు. ఇన్నాళ్లూ ఎదురు చూసింది ఈ రోజు కోసమే.

"కొత్తది రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగింది చిట్టి.

"నెలలు పట్టొచ్చు."

"మీరు వెళ్లిపోతారు కదా?"

ఎస్సైగారు పై అంతస్తుకి వెళ్లింది. తన గదిలోంచి దుప్పటీ దిండూ చంకన పెట్టుకుని, చీకటి వరండా దాటి, చిట్టి గదిలోకి వచ్చి వదిన మంచం మీద పరిచింది. లోపలి గొళ్లెం రెండుసార్లు వేసి తీసి చూసింది.

"రేపు మొదటి పని ఎంబసీ," అంది. "రెండో పని ఆ వరండాలో బల్బు. నాకు దగ్గు రాదు గాని, గట్టిగా గురక పెడతాను. ఎవరు తలుపు కొట్టినా వినిపిస్తుంది వాళ్లకి."

చిట్టి అప్పుడు ఏడ్చింది.

పాతికేళ్లలో ఎస్సైగారు ఎందరినో లాకప్‌లో పెట్టింది. ప్రతిసారీ తాళం వేసి, ఇంటికెళ్లి భోంచేసి పడుకుంది. ముద్దాయితో పాటు లోపల ఉండిపోవడం ఆమెకి ఇదే మొదలు.